పదిహేడో నంబరు బిళ్ళ

లుసాకాలో తెల్లవారుజామున తూటా తగిలి చనిపోయిన ఏజెంటు ఆఖరిగా పంపింది ఒకటే మాట. రోటర్.

"హెలికాప్టర్ నెత్తిన తిరిగేదీ రోటరే, కారు బ్రేకులో తిరిగేదీ రోటరే, పాత కోడ్ మెషీన్లో తిరిగే చక్రమూ రోటరే," అన్నాడు చీఫ్ సికాలుంబా. "అన్నిటికీ మనుషుల్ని పంపాను. నీకు చిలోంబో డ్యామ్, అక్కడి జనరేటర్లో తిరిగేదీ రోటరే. నాలుగింటికి మంత్రిగారు కొత్త జనరేటర్ స్టార్ట్ చేస్తారు. హాల్లో రెండొందల మంది ఉంటారు."

"ఇరుకు చోట్లంటే నాకు భయం సార్," అంది చోల్వె.

"తెలుసు. అక్కడ మన మనిషి ఉంది. ఇంజనీర్ వెరోనిక్."

వెరోనిక్ ముత్యాల దండ, ఎర్ర లిప్‌స్టిక్‌తో డ్యామ్ దగ్గర ఎదురొచ్చింది. కోడ్ మాట సరిగ్గానే చెప్పింది. "లోపల నేనే చూశాను. ఏమీ లేదు," అంది.

అయినా చోల్వె స్వీపర్ వేషంలో జనరేటర్ గుంత దగ్గరికి వెళ్ళింది. ముసలి ఫోర్‌మన్ హామూంగా వితుంబువా బూరెలు నములుతూ ఆమె పదిహేడో నంబరు ఇత్తడి బిళ్ళ అందుకుని బోర్డు మీద మేకుకు తగిలించాడు.

"పేరు చెప్పి వెళ్ళమ్మాయ్. బిళ్ళ మేకు మీదుంటే మనిషి లోపలున్నట్టు. పైకొచ్చాక మళ్ళీ పేరు చెప్పి నా చేతి నుంచి తీసుకో."

"అలాగే తాతా. చోల్వె."

లోపల పాకుతూ వెళ్ళింది. పెన్ టార్చ్ వెలుగులో రోటర్ అడుగున అయస్కాంతంతో అంటించిన డబ్బా కనిపించింది. రోటర్ తిరిగితే పేలుతుంది. పీకి చూసింది, రాలేదు.

పైన గుంత మూత ధడాల్న పడింది. గడియ వేసిన చప్పుడు.

సైరన్ మూడుసార్లు మోగింది. స్టార్ట్ చేసేముందు మోగే సైరన్. ఆమె మూతను గుద్దింది, అరిచింది. పైన బ్యాండు మేళం. రోటర్ బ్రేకులు బుస్సుమని వదులయ్యాయి. ఇంత ఘోరంగా చచ్చిపోతానా అని ఏడ్చేసింది.

ఏమీ కదల్లేదు. మేళం ఆగిపోయింది. మూత తెరుచుకుంది.

"పదిహేడో నంబరు, పేరు?"

"చోల్వె."

"గట్టిగా చెప్పు."

"చోల్వె, తాతా!"

హామూంగా ఆమెను పైకి లాగాడు. మంత్రిగారు ఇంకా కేకలేస్తూనే ఉన్నారు. మేకు ఖాళీగా ఉంది, స్టార్ట్ చేయండని వెరోనిక్ పదిసార్లు చెప్పిందట. ముసలాయన మాత్రం స్విచ్‌కి చెయ్యి అడ్డం పెట్టి ఎవర్నీ నొక్కనివ్వలేదు.

"మేకు ఖాళీ అయితే నాకేంటి? బిళ్ళ నా చేత్తో ఇవ్వలేదు. పేరూ వినలేదు. ఇక్కడ ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టుకోరు," అన్నాడు.

రోటర్ కింద బాంబుంది, వెరోనిక్‌ను పట్టుకోండని చోల్వె అరిచింది. గార్డులు వెరోనిక్ హ్యాండ్‌బ్యాగ్ బోర్లించారు. లిప్‌స్టిక్ పక్కన పదిహేడో నంబరు బిళ్ళ పడింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "నీ డబ్బా పేలకుండా తీసేశారు. మిగతా రోటర్లన్నీ క్షేమం. హెలికాప్టర్ దగ్గరికి పోయినవాడు షీమా ముద్ద, కపెంటా చేపలు తిని అక్కడే పడుకున్నాడు. నీకేం కావాలో చెప్పు."

"కిటికీ ఉన్న గది సార్," అంది చోల్వె. "ఫ్యాన్ మాత్రం వద్దు."