417 నంబరు మనిషి

గిలకలదిండి హార్బర్లో, పాత ఐసు ఫ్యాక్టరీ వెనకాల ఒక రేకుల గది ఉంది. చీకటి పడ్డాక అందులోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు.

అక్కడ నాంచారయ్య కనిపిస్తాడంటారు.

మనిషి కాదు... పేరు.

ఇది నాకు వెంకట్ బావ చెప్పాడు. ఆ గదిలో డ్యూటీ ఆయనదే. వేటకెళ్ళే ప్రతివాడికీ నంబరేసి ఒక కార్డిచ్చారు. జెట్టీ చివర స్తంభానికి మెషీను బిగించారు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చాక ఒకసారి దానికి కార్డు ఆనించాలి. కీచుమంటుంది. ఇక్కడ గదిలో కంప్యూటర్ మీద పేరు పడుతుంది. వెళ్ళాడు... వచ్చాడు... అంతే.

నాంచారయ్య రెండేళ్ళ కిందటే పాలకాయతిప్ప అవతల మునిగి పోయాడు. శవాన్ని ఒడ్డుకి మోసినవాళ్ళలో బావ కూడా ఉన్నాడు.

కొత్త ప్రోగ్రాం పెట్టిన వారానికి, ఇంకా తెల్లారకముందే మెషీను కీచుమంది. బావ తల తిప్పి చూశాడు.

కార్డు 417. నాంచారయ్య. వెళ్ళాడు.

బావ టార్చి పట్టుకుని జెట్టీ చివరిదాకా పరిగెత్తాడు. ఎవరూ లేరు. చీకట్లో ఎక్కడో దూరంగా మోటారు చప్పుడు... అదీ కాసేపే.

ఆ సాయంత్రం మళ్ళీ కీచుమంది. నాంచారయ్య. వచ్చాడు.

అప్పట్నుంచీ వారానికి రెండు మూడుసార్లు. వెళ్తాడు... వస్తాడు. బావతో డ్యూటీ చేసే కుర్రాళ్ళిద్దరూ మానేశారు. చివరికి ప్రోగ్రాం తయారుచేసిన విజయవాడ కంపెనీ వాళ్ళు సుచిత్ర అనే అమ్మాయిని పంపించారు. పెడన అమ్మాయే. వాళ్ళ నాన్న కలంకారీ అద్దకం చేస్తారు.

ఆవిడ వచ్చిన రోజే వాయుగుండం. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మధ్యాహ్నం నుంచే బోట్లన్నీ తిరిగొచ్చేస్తున్నాయి. పొద్దుగూకేసరికి రేకుల మీద వాన, గది ఊగిపోయేంత గాలి. సముద్రంలో ఉన్నవాళ్ళ లిస్టు ఒక్కొక్క పేరే తగ్గుతూ వచ్చింది. నలభై... పదకొండు... మూడు...

ఏడున్నరకి ఒక్క పేరు మిగిలింది.

నాంచారయ్య. వెళ్ళాడు.

మత్స్యశాఖ ఆఫీసరు గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, అందరూ వచ్చేశారా? లిస్టు మూసెయ్యి, నేను పైకి పంపాలి."

"అందరూ వచ్చారండీ. ఒక్క... ఆ పేరేనండీ."

"చచ్చినవాడి కోసం బోటు పంపమంటావా? మూసెయ్యి."

బావ బటన్ మీద చెయ్యి పెట్టాడు.

"ఆగండి వెంకట్ గారూ," అంది సుచిత్ర. గొంతు చాలా చిన్నగా ఉంది. "లెక్క కుదరట్లేదు."

"ఏం లెక్కండీ?"

"417 ఎవరని డేటాబేసుని అడిగితే రెండు వరసలు వచ్చాయంటోంది. తెర మీద మాత్రం మనిషి ఒక్కడే ఉన్నాడు." ఆవిడ బావ వైపు తిరిగింది. "రెండోవాడు ఏడీ?"

బావ తెర మీదకి వంగి చూశాడు.

ఆవిడ టైప్ చేస్తూనే చెప్పింది. డేటాబేసులో ఉండేవి ఉత్త వరసలేనట. నంబరు, పేరు, ఊరు. ఒక్కో వరసనీ తీసుకుని ప్రోగ్రాంకి అర్థమయ్యేలా ఒక్కో మనిషిగా మలిచి ఇవ్వడానికి మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంటుందట. అది నంబరు చూస్తుంది. ఆ నంబరు మనిషిని ఇంతకుముందే తయారుచేసి ఉంటే మళ్ళీ చెయ్యదు. రెండో వరసని పక్కన పడేసి, ముందు చేసిన మనిషినే చేతికిస్తుంది.

"అంటే... ఒకే నంబరు ఇద్దరికి ఉంటే?"

"రెండోవాడు ఎప్పటికీ మనిషి అవ్వడండీ. ఒకే నంబరు ఇద్దరికి ఇస్తారని మేం అనుకోలేదు."

కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద తెర ఒక్కటే వెలుగుతోంది. ఆవిడ మధ్యలో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్‌ని తప్పించి, నేరుగా డేటాబేసునే అడిగింది.

రెండు వరసలు వచ్చాయి.

417. నాంచారయ్య. మరణించారు.

417. వాసు.

బావ కుర్చీలోంచి లేచిపోయాడు. "వాసు... నాంచారయ్య తమ్ముడండీ! వాడు బతికే ఉన్నాడు!"

చనిపోయినవాడి నంబరు ఖాళీగా ఉంది కదా అని అంతకుముందున్న గుమాస్తా ఆ నంబరే తమ్ముడికిచ్చేశాడు. వాసు పీతల వలలకి చిన్న ఫైబర్ పడవలో ఒక్కడే వెళ్తాడు, తెల్లారకముందే. భార్య రాజకుమారి పురిటికని నాగాయలంకలో పుట్టింట్లో ఉంది. వాడు రాలేదని వెతికేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు.

నెల రోజులుగా వాసు వెళ్తున్నాడు, వస్తున్నాడు. వీళ్ళకి కనపడింది మాత్రం వాళ్ళ అన్న.

బావ వానలో పరిగెత్తాడు. నలుగురు మనుషులు పెద్ద బోటు తీశారు. ఆఫీసరు గారు మెరైన్ పోలీసులకి చెప్పారు. రాత్రంతా సుచిత్ర ఆ గదిలోనే కూర్చుంది. తెల్లారాక, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి చాలా దూరంలో, బోల్తాపడిన పడవని కౌగిలించుకుని కనిపించాడు వాసు. చేతివేళ్ళు విడదీయడానికి ఇద్దరు పట్టారట.

బతికాడు.

ఆ రోజే సుచిత్ర ప్రోగ్రాం సరిచేసింది. కార్డు నంబరు చూసి కాకుండా, ప్రతి వరసకీ విడిగా ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తుని బట్టే మనిషిని తయారుచెయ్యమంది. అన్న వేరు, తమ్ముడు వేరు అయ్యారు. దెయ్యం లేదు, ఏమీ లేదని హార్బరంతా నవ్వుకున్నారు.

సాయంత్రం ఆవిడా బావా బందరు ఆసుపత్రికి వెళ్ళారు.

"మీరు నిన్న పొద్దున్నే కార్డు పెట్టి వెళ్ళారు కాబట్టి సరిపోయింది," అంది సుచిత్ర. "లేకపోతే లిస్టులో ఆ పేరు కూడా ఉండేది కాదు. మాకసలు తెలిసేదే కాదు."

వాసు ఆవిడ వైపు అయోమయంగా చూశాడు.

"కార్డా అండీ? నిన్న నేను కార్డు పెట్టలేదే..."

"పెట్టారండీ. నాలుగూ యాభై రెండుకి. కంప్యూటర్లో నేను చూశాను."

"లేదండీ. వాన పట్టకముందే వలలు తీసేద్దామని తొందరలో పడ్డాను. కార్డు చొక్కా జేబులో ఉండిపోయింది. చొక్కా ఇంట్లో మేకుకి ఉంది." మొలతాడు తడుముకుని తాళంచెవి బయటికి తీశాడు. "ఇంటికి తాళం. చెవి ఇదిగో... నాతోనే ఉంది."



బావ ఆ చెవి తీసుకుని సుచిత్రతో కలిసి వాళ్ళింటికి వెళ్ళాడు. తాళం వేసినట్టే ఉంది. తీశారు. లోపల చీకటి... ఎవరూ మసలిన జాడ లేదు. ఫోన్ లైటు వేసి చూస్తే మేకుకి చొక్కా వేలాడుతోంది. బావ పట్టుకు చూశాడు. పొడిగా ఉంది.

జేబులో చెయ్యి పెట్టాడు.

కార్డు ఉంది... తడిగా.