తోక రేకు మీద గాట్లు

గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. లూన్‌ఫుట్ సరస్సు ఉత్తరపు ఒడ్డున, నాచు దిబ్బ దగ్గర శవం.

బోర్లా తేలుతోంది. తల వెనక గాయం. పక్కనే లంగరు వేసిన అల్యూమినియం పడవ. పడవలో గాలం కర్ర. దాని చివర ఒక కొయ్య ఎర.

చనిపోయింది ఆర్విడ్ టోలెఫ్సన్. డెబ్బై ఒక్క ఏళ్లు. దేవదారు చెక్కతో మస్కీ చేపలకు ఎరలు చెక్కే మనిషి. మస్కీ అంటే మాటలు కాదు. మనిషి ఛాతీ దాకా వచ్చే చేప. బాతు మూతి, రంపపు పళ్లు. నాచులో నక్కి ఉండి, పైనుంచి పోయే దేన్నయినా మింగేస్తుంది. అందుకే ఆ సరస్సులో నాచు జోలికి ఎవరొచ్చినా ఆర్విడ్ యుద్ధానికి దిగేవాడు.

డిటెక్టివ్ వెర్నా కివెలా పడవలోకి వంగి ఎరను చూసింది. ఆమె ఆ ఊళ్లోనే పుట్టి పెరిగింది. నడక నేర్చిన నాటి నుంచీ ఇలాంటి ఎరల మధ్యే ఉంది. కర్రను ఒక్క కుదుపు కుదిపితే ఎర నీటిలో మునుగుతుంది. ఆపితే పైకి తేలుతుంది. దాని తోకకు ఒక రేకు ఉంటుంది. రేకును కిందికి వంచితే ఎర లోతుకు దూకుతుంది. కాస్త పైకి ఎత్తితే నాచు కొసలకు తగలకుండా మీద మీదే పోతుంది.

ఈ ఎర రేకు పైకి ఎత్తి ఉంది. రేకు మీద సన్నటి గాట్లు. కొత్త లోహంలా మెరుస్తున్నాయి.

"చూశావుగా," అన్నాడు షెరీఫ్ డ్వేన్ హోలుబ్. "నాచు మీద వెయ్యాల్సిన ఎరే వేశాడు. పాపం ముసలాయన తన మానాన తను వేటాడుకుంటుంటే ఆ షికాగోవాడు స్పీడ్‌బోటుతో గుద్దేశాడు."

"చూసినవాళ్లున్నారా సర్?"

"మొన్న బార్లో తొక్కించేస్తానని అన్నాడు. ఊరంతా విన్నారు. ఇంకేం కావాలి నీకు?"

వెర్నా గాలం దారం విప్పింది. ఎరను కవర్లో పెట్టి సీలు వేసింది.

పదకొండు గంటలకు స్టేషన్‌లో ప్రెస్టన్ కోవెల్‌ని కూర్చోబెట్టారు. షికాగోలో వ్యాపారం, లూన్‌ఫుట్‌లో వేసవి ఇల్లు. తెల్ల బూట్లు. ఊళ్లో ఒక్కడికీ అతనంటే పడదు. వెర్నాకూ పడదు.

"ఉదయం ఆరింటికి ఎక్కడున్నారు?"

"నీళ్ల మీద. రోజూ బోటు తిప్పుతాను. అది నేరమా?"

"ఆర్విడ్‌ని చూశారా?"

"పడవ చూశాను. అందులో మనిషి లేడు."

"ఆగి చూడాలనిపించలేదా?"

"ఎందుకాగాలి? ఆయనేమన్నా నాకు చుట్టమా? నాచుకి మందు కొట్టించమన్నందుకు నా మీద గొంతు చించుకున్నాడు."

వెర్నాకు ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు.

షెరీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు. "చూసుకోకుండా తగిలిందని సంతకం పెట్టు. చిన్న శిక్షతో బయటపడతావు. రేపు సాయంత్రం ఆరింటిదాకా టైమిస్తున్నా. పెట్టకపోతే హత్య కేసే. ఈ కౌంటీలో జూరీ అంతా మస్కీ పట్టేవాళ్లే, గుర్తుపెట్టుకో."

ప్రెస్టన్ ముఖం పాలిపోయింది. అయినా కాగితాన్ని వెనక్కి తోసేశాడు.

"చెయ్యనిదానికి నేను సంతకం పెట్టను. ఏం చేసుకుంటారో చేసుకోండి."

వెర్నా అతన్ని తేరిపార చూసింది. ఇంత మొండివాడిని ఆమె ఇష్టపడలేదు. కానీ నమ్మింది.

తన సొంత పెట్టెలోంచి మూడు ఎరలు తెచ్చి అతని ముందు పెట్టింది. ఒకటి తోక రేకున్న కొయ్యది. ఒకటి తేలిక చెక్కది. మూడోది సీసం పోసిన బరువైనది, ఒళ్లంతా తళుకులు.

"నాచు మీద వెయ్యాలి. ఏది తీసుకుంటారు?"

ప్రెస్టన్ తళుకులది చూపించాడు. "ఇదేగా అందంగా ఉంది."

"అది తిన్నగా అడుక్కి పోయి, బయటికి రావడంతోనే మోపెడు ఆకుకూర తెస్తుంది," అంది వెర్నా. కొయ్య ఎరను పైకెత్తింది. "ఈ తోక రేకు దేనికో తెలుసా?"

"పట్టుకోడానికా?"

షెరీఫ్ పళ్లు కొరికాడు. "నాటకం! వెర్నా, నువ్వు ఎవరి పక్కన నిలబడ్డావో తెలుస్తోందా? ఆర్విడ్ మీ నాన్న స్నేహితుడు!"

"అందుకే సర్. ఆయన్ని చంపినవాడు దొరకాలి. దొరికినవాడే చంపినవాడనుకుంటే నాకు చాలదు."

"ఈ ఊళ్లో నీకు కాఫీ పోసేవాళ్లు కూడా ఉండరు."

"ఇంట్లో కాచుకుంటాను," అని బయటికొచ్చేసింది.

మర్నాడు ఉదయం ఆర్విడ్ షెడ్డుకు వెళ్లింది. చెక్క పొట్టు వాసన. వరసగా వేలాడుతున్న ఎరలు. తలుపు మీద చిన్నప్పట్నుంచీ చూస్తున్న అదే అట్ట: ప్లయర్స్ బయట వదిలి లోపలికి రండి.

ఊరంతా నవ్వుకునే అట్ట అది. రేకును ప్లయర్స్‌తో వంచితే ఆర్విడ్‌కు పూనకం వచ్చేది. ప్లయర్స్ పళ్ల గాట్లు పడిన చోట రేకు విరుగుతుందని అరిచేవాడు. రేకును పడవ అంచుకు ఆనించి బొటనవేలితోనే వంచాలి. అలా వంచనివాడికి మళ్లీ ఎర అమ్మేవాడు కాదు.

వెర్నా అట్ట ముందు చాలాసేపు నిలబడిపోయింది.

లోపల బల్ల మీద రంగు సీసాలు మూతల్లేకుండా ఉన్నాయి. రంగు ఎండి గట్టిపడింది. బ్రష్షు కడగలేదు. మధ్యలో ఒక పొడుగాటి స్టాండు, ఖాళీగా ఉంది. ఆ స్టాండు మీద ఏముండేదో ఊళ్లో అందరికీ తెలుసు. నార్బర్ట్ జాస్క, అంటే ఊరందరి నార్బ్, పట్టిన మస్కీ. లోపల గడ్డి కూరి, రంగు వేసి, ఇరవై రెండేళ్లుగా రెడ్ పైన్ బార్ గోడకు తగిలించిన చేప. రంగు వెలిసిపోయిందని పోయిన వారమే ఆర్విడ్ దగ్గరికి పంపారు.

ఆ చేప నార్బ్‌కు కిరీటం. సరస్సులో ఎవరూ అంత పెద్దది పట్టలేదు. ఆర్విడ్ చెక్కేలాంటి కొయ్య ఎరతో, నాచు మీద, ఒంటరిగా పట్టానని చెప్పుకుంటాడు. దాని బొమ్మే ఊరి స్వాగత బోర్డు మీద. దాని పేరు మీదే ఆయన మస్కీ క్లబ్బుకు అధ్యక్షుడు. వెర్నాకు గాలం విసరడం నేర్పిందీ ఆయనే.

శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. రెడ్ పైన్ బార్ కిటకిటలాడుతోంది. వేపుడు చేపల వాసన, బ్రాందీ గ్లాసులు. వెర్నా లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. కౌంటర్ దగ్గరి మనిషి ఆమె ముందు ఖాళీ గ్లాసు కూడా పెట్టలేదు.

చేప మళ్లీ గోడ మీదికి వచ్చేసింది. ఒళ్లంతా కొత్త రంగు. వీపు రెక్క కింద మాత్రం అరచేయంత మేర పాత రంగే.

"పని పూర్తయిందా నార్బ్ అంకుల్?" అంది పైకి చూస్తూ.

"బుధవారమే అయిపోయింది. తనే ఇచ్చాడు పాపం. అదే ఆయన చేతి ఆఖరి పని." నార్బ్ కళ్లు తుడుచుకున్నాడు. "ఆ షికాగోవాడి కొమ్ము కాస్తున్నావటగా? మీ నాన్నుంటే ఎంత బాధపడేవాడో."

షెరీఫ్ మూల బల్ల దగ్గరున్నాడు. వెర్నా రమ్మంటేనే వచ్చాడు. ఆరింటి గడువు గుర్తు చేస్తూ గోడ గడియారం చూపించాడు.

వెర్నా కౌంటర్ మీద కొత్త కొయ్య ఎర పెట్టింది. ఆర్విడ్ షెడ్డులోంచి తెచ్చిందే. రేకును బొటనవేలితో కిందికి నొక్కింది.

"నాచు మీదికంటే ఇలాగే కదూ వంచాలి?" అంది గట్టిగా.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏం చేస్తున్నావే అమ్మాయ్!" నార్బ్ లేచొచ్చేశాడు. "కిందికి వంచితే నేరుగా పోయి నాచులో మొహం పెడుతుంది. నేను నేర్పింది ఇదా?"

"ఇంకొంచెం వంచాలేమో."

"పరువు తియ్యకు. ఇలా తే!"

ఎర లాక్కున్నాడు. నడుముకున్న ప్లయర్స్ తీశాడు. ఎడం పక్క ఒక పట్టు, కుడి పక్క ఒక పట్టు. టక్, టక్. రేకు పైకి లేచింది.

"అదీ! ఇప్పుడు ఒక్క ఆకు తగిలితే నన్నడుగు."

వెర్నా ఎరను తీసుకుంది. చేతిసంచిలోంచి సీలు వేసిన కవరు తీసి దాని పక్కనే పెట్టింది.

"ఇది ఆర్విడ్ కర్రకున్న ఎర. దగ్గరికొచ్చి చూడండి. అందరూ."

రెండు రేకుల మీదా ఎడమ పక్క ఒక గాట్ల వరస, కుడి పక్క ఒక గాట్ల వరస. రెండు వరసల్లోనూ మధ్యలో ఒక పన్ను ఖాళీ. నార్బ్ ప్లయర్స్‌లో ఒక పన్ను విరిగిపోయి ఎన్నేళ్లయిందో.

"మనమంతా ఒకటే చూశాం," అంది వెర్నా. "నాచు మీద సరైన ఎర ఉందా లేదా అని. ఉంది. అందుకే ఆర్విడ్ వేటాడుతూ పోయాడని నమ్మేశాం. మన ఊళ్లో ఆయన చేత తిట్లు తినని చెయ్యి లేదు. ప్లయర్స్ తగిలిన రేకుని ఆయన తన కర్రకి కట్టుకుంటాడా?"

జనం రెండు ఎరల మీదికి వంగారు.

"ప్రెస్టన్‌కి రేకెందుకో కూడా తెలీదు. ఈ ఎర కట్టింది తెలిసినవాడు. పోయిన మనిషిని నాచు దగ్గర పడేసి, వేటలో పోయినట్టు చూపించాలనుకున్నవాడు."

"ఎందుకు? నేనెందుకు చంపుతాను ఆర్విడ్‌ని?" అన్నాడు నార్బ్.

వెర్నా కుర్చీ ఎక్కింది. రంగు వేయని చోట చాకు మొనతో గీకింది. పొడి రాలింది. పుట్టీ కింద వరసగా మూడు రంధ్రాలు బయటపడ్డాయి.

మూడు మొనల బల్లెం దెబ్బ.

"ఇది గాలానికి పడ్డ చేప కాదు. దొంగచాటుగా పొడిచి చంపిన చేప. రంగు వేస్తూ ఆర్విడ్ చూశాడు. ఇక్కడే ఆపేశాడు. ఆయన చేతిలోంచి సగం పని ఏనాడైనా బయటికొచ్చిందా?"

నార్బ్ చేపను చూశాడు. ఊరిని చూశాడు. చేతిలో ప్లయర్స్ ఇంకా ఉన్నాయి.

"ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో ఎవరి ముందూ తలొంచలేదు నేను," అన్నాడు. "ఇవాళ ఇక్కడ అందరి ముందూ చెప్పేస్తానన్నాడు ఆర్విడ్. గురువారం తెల్లారే వాళ్ల రేవు దగ్గరికెళ్లి కాళ్లు పట్టుకున్నాను. వినలేదు. నా చేతిలో తెడ్డుంది."

షెరీఫ్ సంకెళ్లు తీశాడు.

"రేకు జోలికి ఎందుకెళ్లావు అంకుల్?" వెర్నా అడిగింది. ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. "కట్టేసి వదిలేస్తే నీ దాకా వచ్చేదాన్ని కాదు."

నార్బ్ ఆమెను తెలివితక్కువ పిల్లను చూసినట్టు చూశాడు.

"తిన్నగా ఉన్న రేకుని నాచు మీదెలా వదలనే?"

ఆరుకు ఇంకా పది నిమిషాలుంది. వెర్నా స్టేషన్‌కు వెళ్లి గది తాళం తీసింది. ప్రెస్టన్ బల్ల మీద సంతకం లేని కాగితం అలాగే ఉంది.

"పొండి," అంది.

అతను థాంక్స్ చెప్పలేదు. గుమ్మం దగ్గర ఆగాడు. "రేపూ బోటు తిప్పుతాను."

"తిప్పుకోండి. నాచు దిబ్బ మీదికొచ్చారంటే మాత్రం నేనే జరిమానా రాస్తాను. ఆర్విడ్ లేడు కదా అనుకోకండి. నేనున్నాను."