బొటనవేలి వేడి

తెల్లారి ఎనిమిదింటికి కళ్ళద్దాల షాపాయన ఇంట్లో అన్ని పనులూ తెమిలాయి, కూతురి కాలేజీ ఫారం తప్ప. మధ్యాహ్నం పన్నెండింటికల్లా పంపాలి. ఫిజిక్సా, ఆస్ట్రోఫిజిక్సా అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.

తండ్రికి అదసలు ప్రశ్నే కాదు. పిల్లకి ఏడేళ్ళప్పుడే చుక్కలమ్మ అని పేరు పెట్టేశాడు. చత్వారం అద్దాలకి వచ్చినవాళ్ళకి కూడా "మా అమ్మాయి నక్షత్రాల చదువు చదువుతుంది" అని చెప్పందే అద్దాలు చేతికివ్వడు. ఆమె కోసమే రెండేళ్ళు సెలవు రోజులన్నీ కూర్చుని టెలిస్కోపు అద్దం చేత్తో అరగదీశాడు.

"ఇంకా ఆలోచనేంటే చుక్కలమ్మా? టిక్కు పెట్టెయ్."

"ఫిజిక్స్‌కి పెడుతున్నా నాన్నా."

తుడుస్తున్న కళ్ళజోడు కింద పెట్టాడాయన. "ఉత్త ఫిజిక్సా? చేతులు కాయలు కాసేలా ఆ అద్దం ఎందుకు అరగదీసినట్టు? అందరికీ చెప్పుకున్నానే. మొహం ఎక్కడ పెట్టుకోను?"

బట్టలు మడతపెడుతున్న తల్లి అందుకుంది. "అది చదివేది దాని బుర్రతోనండీ, మీ మొహంతో కాదు."

ఆయన విసురుగా వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. కూతురు వదల్లేదు, వెనకే వెళ్ళింది. ఏడాదిగా మింగుతున్న మాట ఇవాళ మింగదలచుకోలేదు.

"అద్దం నున్నగా వచ్చిందో లేదో చూడ్డానికి దీపం పెట్టి, అద్దం మీద పడి తిరిగొచ్చే వెలుగుని బ్లేడు అంచు మీంచి నన్ను చూడమన్నావు, గుర్తుందా? నువ్వెళ్ళి అద్దం మీద బొటనవేలు ఆనించి తీశావు. ఆ చోట చిన్న గుట్టలా నీడ లేచింది. నీ వేలి వేడికి గాజు ఉబ్బింది. అది ఎందుకో, వెలుగు దాన్నెలా పట్టిందో చదవాలి నాకు. ఆ రోజు నువ్వు నక్షత్రాల గురించి చెప్పింది ఒక్క ముక్క గుర్తులేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"బాధపడతావని."

"ఇప్పుడు పడలేదా?"

"పడ్డావు. అయినా నీ ముచ్చట కోసం మూడేళ్ళు చదవలేను నాన్నా."

 ఆయన తలుపు వేసి, అద్దాన్ని గది ఆ చివర నిలబెట్టాడు. ఈ చివర దీపం, బ్లేడు సర్దాడు.

"ఈసారి నీ వేలు ఆనించు. నేను చూస్తా."

ఆమె ఆనించి తీసింది. ఆయన వంగి చూశాడు. ఆకాశం చూపిద్దామనుకున్న కూతురు ఇన్నాళ్ళూ తన చేతిపనినే చూసిందని అప్పుడు అర్థమైంది. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఉబ్బింది," అన్నాడు. "ఇది చల్లారేలోపు వెళ్ళి ఫారం పంపించు."