కనబడని ఎర్ర రిబ్బను

టైర్ల కొట్టు పైన ఉన్న డిటెక్టివ్ ఆఫీసు మెట్లు ఆమె రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. నలభై దాటిన మనిషి, వేళ్ల నిండా సూది పోట్లు. వచ్చీ రాగానే, "అమ్మా, నేను దొంగని కాను, మతిమరుపుదాన్నీ కాను," అంది రొప్పుతూ.

"అయితే ముందు కూర్చో," అంది డిటెక్టివ్.

డిటెక్టివుకి అరవై ఏళ్లు. అసిస్టెంటు స్వయానా ఆవిడ అల్లుడు. అత్తగారి దగ్గర ఉద్యోగమేమిట్రా అని స్నేహితులు ఎగతాళి చేస్తే, "మీ అత్తగార్లు మీ ఒక్కరి తప్పులే పడతారు, మా అత్తయ్యగారు ఊరందరివీ పడతారు," అనేవాడు గర్వంగా.

వచ్చినామె గుడారాలు కుట్టి బతికేది. ఎనిమిది నెలలుగా ప్యారాచూట్లు మడవడం, మరమ్మతు చేయడం నేర్చుకుంటోంది. రేపు పొద్దున సర్టిఫికెట్టు. చదువు లేనివాళ్లని కాగితం ఎన్నాళ్లు ఏడిపిస్తుందో అల్లుడికి తెలుసు. పదో తరగతి దాటని మనిషి అతను.

"నా పనిముట్ల బోర్డు మీంచి తాత్కాలిక పిన్ను పోయిందమ్మా."

"అదెలా ఉంటుందండీ?" అన్నాడు అల్లుడు.

"జానెడు స్టీలు పుల్ల, చివర ఎర్ర రిబ్బను. ప్యారాచూట్‌ని సంచిలో కుక్కాక మూత విచ్చుకోకుండా గుచ్చుతాం. దూకినవాడు లాగే అసలు పిన్ను పెట్టగానే దీన్ని పీకేయాలి. మరిచిపోయామా, పైనించి దూకినవాడు ఎంత లాగినా గుడ్డ బయటికి రాదు."

కూర్చున్నచోటే అల్లుడు కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

"ఇవాళ మడిచిన ఆరు సంచులూ విప్పేశాం. లేదు. నేలంతా అయస్కాంతం తిప్పాం. లేదు. అయిదింటిలోగా దొరక్కపోతే నా పేరు కొట్టేస్తానన్నారు పెద్ద మాస్టారు."

గడియారం మూడు చూపిస్తోంది. "అల్లుడుగారూ, స్కూటరు తీయండి," అంది డిటెక్టివ్.

శిక్షణ హాల్లో పొడుగాటి బల్లలు. విప్పేసిన ఆరు ప్యారాచూట్లు వాటి మీద తెల్లగా కుప్పలు పడి ఉన్నాయి. ఒక్కో బల్ల పక్కన ఒక్కో బోర్డు, దాని మీద ప్రతి పనిముట్టుకీ నల్లరంగుతో గీసిన ఆకారం. గుడారాలామెది మొదటి బల్ల. ఆమె బోర్డులో సన్నటి గీత ఒకటి ఖాళీగా ఉంది.

పెద్ద మాస్టారు ఎదురొచ్చాడు. చంకలో లావుపాటి నియమాల పుస్తకం. పేజీల మూలలు మడిచి మడిచి అట్ట పైకి లేచిపోయింది. అడుగు నుంచి ఎర్ర రిబ్బను వేలాడుతోంది.

"పనిముట్టు పోగొట్టినవాళ్లకి ఇక్కడ చోటు లేదు. విప్పినవి కూడా వాళ్లే మళ్లీ మడిచి వెళ్లాలి. పద్నాలుగో పేజీ!" అని పుస్తకం మీద అరచేత్తో చరిచాడు.

"ఏదీ, ఒకసారి తీయండి."

"ముప్పై ఏళ్లుగా చెప్తున్నానమ్మా. నాకు తెరిచే పని లేదు."

డిటెక్టివ్ తలూపి రెండో బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆమెతోపాటే నేర్చుకుంటున్న, ఒకప్పుడు వాచీలు బాగుచేసినాయన.

"ఆమె మీద నీకేమైనా కోపమా?"

"ఎందుకండీ? నా కుట్లు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టిచ్చేది ఆవిడే."

"పిన్ను ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"పన్నెండింటికి. మాస్టారు పాఠం చెప్తూ ఆమె బోర్డు మీంచి తీసి మాకు చూపించారు. పుస్తకంలో బొమ్మ కూడా చూపించారు. ఇంతలో ఫోనొస్తే పుస్తకం మూసి పరిగెత్తారు. వచ్చాక మిగతా పాఠం నోటికే చెప్పేశారు. మహా జ్ఞాపకం లెండి ఆయనది!"

స్టోరు చూసే ఆవిడ గొంతు తగ్గించింది. "మాస్టారు వెతకమంటే నా టిఫిన్ డబ్బా కూడా విప్పి చూపించానమ్మా. ఆయన పుస్తకం తప్ప ఈ హాల్లో వెతకనిది లేదు. దాన్ని ముట్టుకుంటే ఊరుకుంటారా?"

అల్లుడు ఉండబట్టలేక చెవిలో అన్నాడు, "వాచీలాయనేనా అత్తయ్యగారూ?"

"మీరు పెళ్లిచూపుల్లో కూడా ఇలాగే తొందరపడ్డారు. అందర్నీ పిలవండి."

నాలుగున్నరకి అందరూ మొదటి బల్ల చుట్టూ చేరారు. గుడారాలామె తలెత్తలేదు.

"పిన్ను ఈ హాలు దాటలేదు," అంది డిటెక్టివ్. "మధ్యాహ్నం నుంచీ మీ అందరి కళ్ల ముందే తిరుగుతోంది. మాస్టారూ, మీరు పేజీ గుర్తు ఎలా పెట్టుకుంటారు?"

"మూల మడుస్తాను. ఎవరికైనా కనిపిస్తూనే ఉందిగా."

"కనిపించింది. మూలలు మడిచే మనిషికి రిబ్బనెందుకండీ?"

మాస్టారు చంకలోకి చూసుకున్నాడు. మెల్లగా పుస్తకం తెరిచాడు. బొమ్మ ఉన్న పేజీ దగ్గర, సందులో పడుకుని ఉంది జానెడు పిన్ను.

"ఫోను మోగేసరికి పిన్ను లోపలుండగానే పుస్తకం మూసేశారు, బోర్డుకి తగిలించేశాననుకున్నారు. తర్వాత తెరిచుంటే అప్పుడే దొరికేది. కానీ మీకు తెరిచే పని లేదుగా!"

ముందు వాచీలాయనకి నవ్వొచ్చింది. తర్వాత స్టోరావిడకి. ఆఖరికి మాస్టారే పకపకా నవ్వి, గుడారాలామెకి చేతులు జోడించాడు. "తప్పు నాదమ్మా. నీ పేరు నీ సర్టిఫికెట్టు మీదే ఉంటుంది."

"మరి పద్నాలుగో పేజీ మాస్టారూ?" అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ.

మాస్టారు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "తాళ్లు మెలిపడ్డాయి మాస్టారూ. విప్పండి. ఆ మడత వంకర. మళ్లీ." హాలంతా గోల గోల.

అయిదు సంచులు మడిచాక ఆయన చెమట తుడుచుకుని, "ఆరోది నువ్వు మడువమ్మా. రేపు దాంతో నేనే దూకుతాను," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఆమె వంగి మొదలుపెట్టింది. తొందరలేదు, తడబాటులేదు.

"మీరూ దూకుతారా అల్లుడుగారూ?" డిటెక్టివ్ గొణిగింది.

"మీ అమ్మాయిని చేసుకున్నాను కదండీ. ఒక జన్మకి ఒక దూకుడు చాలు."

ఆమె అసలు పిన్ను పెట్టింది. ఎర్ర రిబ్బను పట్టుకుని తాత్కాలిక పిన్ను లాగి, అందరికీ కనబడేలా పైకెత్తి, బోర్డు మీద దాని గీతలో తగిలించింది. మాస్టారు బోర్డు దగ్గరికెళ్లి, పనిముట్లని వేలితో ఒక్కొక్కటే తాకుతూ మొత్తం లెక్కపెట్టాడు.