పిడికిలి విడిచిన వేళ

"ముట్టుకోవద్దంటే అర్థం కాదా నీకు!"

తిమ్మరాజు అరుపుకు అంజనమ్మ చేతిలోని అంబలి చెంబు జారి కింద పడింది. రాగి అంబలి నేలంతా పరుచుకుంది. గుమ్మంలో ఆడుకుంటున్న ఐదేళ్ళ గంగ బెదిరిపోయి, పరుగెత్తుకొచ్చి తల్లి కుచ్చెళ్ళలో ముఖం దాచుకుంది.

"చొక్కా చెయ్యి మడత ఊడిపోయి ఉండాది మామా... సరిచేద్దామని..." అంది అంజనమ్మ.

"ఏమీ సరిచేయొద్దు! సరయ్యేది ఇంకేముందని! రేపో ఎల్లుండో పాపను తీసుకోని పోచంపల్లికి, మీ అమ్మోళ్ళింటికి పో. ఒంటిచేతివాడితో నీకు కాపురమేమిటికి!"

అంజనమ్మ కాళ్ళ కింద భూమి కదిలినట్లయింది. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క కటువైన మాట అనని మనిషి! షిఫ్టు ముగిసి వచ్చేటప్పుడు హోసూరు బస్టాండు దగ్గర మూర మల్లెపూలు కొని, ఎవరి కంటా పడకుండా చొక్కా జేబులో దాచి తెచ్చిన మనిషి! ఆ నోట ఈ మాటా!... ఆమె కూర్చుని నేల తుడిచింది. అంబలితో పాటు తన కన్నీళ్ళనూ తుడిచింది.

బెంగుళూరు పక్కన, తమిళనాడు సరిహద్దులోని హోసూరులో ఫ్యాక్టరీలు వరుసగా లేచిన కాలమది. అంజనమ్మ పుట్టినూరు పోచంపల్లి కూడా ఆ జిల్లాలోదే. తిమ్మరాజు సొంత ఊరు కెలమంగలం పక్కన పల్లె. కొంచెం మెట్ట పొలం, నాలుగు గొర్రెలు, పట్టుపురుగుల పెంపకం. పట్నంలో పని చేస్తే బిడ్డ నాలుగు అక్షరాలు నేర్చుకుంటుందని అంజనమ్మే ముందు ఆశపడింది. తిమ్మరాజు ఒక ఫ్యాక్టరీలో ఇనుప రేకులను ఒత్తే ప్రెస్ మీద పనికి కుదిరాడు. రేకును అచ్చు కింద పెట్టడం, ప్రెస్ దిగి లేచాక తీయడం. అదే పని. ఎనభై తొమ్మిదో సంవత్సరం ఎండలు ముదిరే రోజుల్లో, ఒకనాడు చెయ్యి ఇంకా అచ్చు కింద ఉండగానే ప్రెస్ దిగింది. అతని కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

గాయం మానింది. కుట్లు మానినచోట చర్మం నున్నగా అయింది. కానీ అతను పడుతున్న యాతన ఎవరికీ అర్థం కాని యాతన... లేని చెయ్యి నొప్పి పుడుతోంది! ఉన్నట్టుండి అతని ముఖం తెల్లబడిపోయేది. ఎడమ చేత్తో మంచం కోడు పట్టుకుని పళ్ళు కొరికేవాడు. బెంగుళూరు ఆస్పత్రిలో డాక్టరు మంచివాడే. "నరాలకు చెయ్యి పోయిందని ఇంకా తెలియదప్పా, మెల్లగా తగ్గుతుంది" అని మాత్రలు రాసిచ్చాడు. చూడవచ్చిన చుట్టాలు మాత్రం వీధిలోకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. లేని చెయ్యి నొచ్చేదేంది, బుర్ర చెడింది పాపం అని. ఆ మాట తిమ్మరాజు చెవిన పడింది. ఆనాటి నుంచి ఎక్కడ నొప్పో కూడా చెప్పడం మానేశాడు. అరుపు ఒక్కటే మిగిలింది.

దానికి తోడు అత్త రామలక్ష్మమ్మ కెలమంగలం నుంచి వచ్చి మకాం వేసింది. ఒక్కగానొక్క కొడుకు! ఆ తల్లి కడుపుకోత చెప్పనలవి కాదు. ఆ కోతంతా కోడలి మీద మాటలై కురిసేది.

"గొర్రెలు మేపుకోని చల్లగా ఉండేవాడు నా కొడుకు. పట్నం పట్నం అని పిలుచుకోనొచ్చినావు. ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు?"

అత్త అన్న మాటే అంజనమ్మ గుండె కూడా రేయింబవళ్ళు అంటూనే ఉంది కదా!...

* * *

వాళ్ళుండేది బద్రీనాథ్ శెట్టిగారి కిరాణా అంగడి వెనక వాటాలో. ఆయన భార్య వాసవాంబ తలనొప్పితో ఏళ్ళ తరబడి బాధపడిన మనిషి. ఆ మధ్య చెల్లెలు రమ్మంటే బెంగుళూరు వెళ్ళి, ఏదో చేతులతో చేసే వైద్యం నేర్చుకుని వచ్చింది. పేరు రేకీ. జపాను దేశంలో పుట్టిందట. మందు లేదు, సూది లేదు. మనసు నెమ్మది చేసుకుని, నొప్పి ఉన్నచోట అరచేతులు ఆనించి ఉంచడమే. నేర్చుకోవడానికి అక్కడ ఒక సన్నటి పుస్తకం ఇచ్చారు. టైపు కొట్టిన కాగితాలు, మధ్య మధ్య బొమ్మలు.

ఆ రోజు పెరట్లో బట్టలు ఉతుకుతూ అంజనమ్మ వెక్కి వెక్కి ఏడుస్తుంటే వాసవాంబ వచ్చి పక్కన కూర్చుంది. సంగతంతా విన్నది. లోపలికి పోయి ఆ పుస్తకం తెచ్చింది.

"ఇంగ్లీషులో ఉందమ్మా. నేను చదివి తెలుగులో చెప్తాను, నువ్వు బొమ్మలు చూడు."

మొదట కళ్ళ మీద, తర్వాత చెవుల మీద, తల వెనక, గొంతు దగ్గర, రొమ్ము మీద... ఒక్కో బొమ్మలో చేతులు ఒక్కో చోట. అదిమిపెట్టకూడదు. నిద్రపోయే పసిబిడ్డ మీద పెట్టినట్టు పెట్టాలి. డాక్టరు ఇచ్చిన మందులు మానకూడదని కూడా అందులో రాసి ఉంది. మొదటి పేజీలో రోజూ అనుకోవలసిన మాటలున్నాయి. వాసవాంబ చదివింది: "ఈ ఒక్క రోజుకు కోపపడను. ఈ ఒక్క రోజుకు దిగులుపడను."

ఈ ఒక్క రోజుకు!... జీవితమంతా ఎలా గడుస్తుందోనని కుమిలిపోతున్న అంజనమ్మకు ఆ మాట దాహానికి దొరికిన గుక్కెడు నీళ్ళలా అనిపించింది. ఒక్క రోజే కదా! ఒక్క రోజుకైతే తనకు శక్తి ఉంది!

"గురువు చెయ్యి పెట్టి దీక్ష ఇవ్వాలంటారు. నేను కొత్తగా నేర్చుకున్నదాన్ని, నాకా యోగ్యత లేదు" అంది వాసవాంబ నిజాయితీగా. "అయినా పెళ్ళాం మొగుని మీద చెయ్యి పెట్టేదానికి ఎవరి దీక్ష కావాలి అంజనా! నేర్చుకో."

అంజనమ్మ నేర్చుకుంది. మధ్యాహ్నాలు పనంతా ముగించి వాసవాంబ నుదుటి మీద చేతులు పెట్టి సాధన చేసేది. గంగకు జ్వరం వస్తే డాక్టరు ఇచ్చిన మందు పట్టి, రొమ్ము మీద అరచెయ్యి ఉంచి కూర్చునేది. పాప తల్లి చేతిని రెండు చేతులా పట్టుకుని నిద్రపోయేది. తన చేతుల్లో ఏదైనా శక్తి ప్రవహిస్తోందా లేదా అంజనమ్మకు తెలియదు. కానీ ఎవరి పక్కనైనా అంత నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా తానెప్పుడూ కూర్చోలేదని మాత్రం తెలిసింది.

ఎవరి కోసం నేర్చుకుందో ఆ ఒక్క మనిషి మాత్రం దగ్గరికి రానివ్వడం లేదు!

ఒక ఆదివారం మధ్యాహ్నం తిమ్మరాజు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకుని అంజనమ్మ మంచం పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, అతని వీపు మీద చేతులు ఆనించింది. సరిగ్గా అప్పుడే రామలక్ష్మమ్మ లోపలికి వచ్చింది.

"ఏమి చేస్తా ఉండావే! మంత్రాలా! నా కొడుకు మీద ప్రయోగాలా!"

"మంత్రం కాదత్తా... రేకీ అని... వాసవక్క నేర్పించింది..."

"రేకే కదే నా కొడుకు చెయ్యి తీసుకునింది! మళ్ళీ ఇంకొక రేకు తెచ్చినావా!"

తిమ్మరాజు లేచి కూర్చున్నాడు. భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అంతకంటే బాధ కలిగించేది ఉంది... సిగ్గు! "నువ్వు గూడా నన్ను పిచ్చోడనే అనుకున్నావు గదా అంజనా. నాకు వైద్యం చేస్తావా..." అన్నాడు మెల్లగా.

ఆ మాట అంజనమ్మ గుండెలో కత్తిలా దిగింది. రామలక్ష్మమ్మ ఆ పూటే మూట కట్టడం మొదలుపెట్టింది. తెల్లవారి బస్సుకు కొడుకును కెలమంగలం తీసుకుపోతానంది. కోడలు, మనవరాలు పోచంపల్లికి పోవచ్చునంది. అంజనమ్మ వంటింటి గోడకు చేరగిలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఈ ఒక్క రోజుకు... ఈ ఒక్క రోజుకు దిగులుపడనని ఎలా అనుకునేది భగవంతుడా!

* * *

మర్నాడు పొద్దున, మూటలు గుమ్మంలోకి చేరాయి. తిమ్మరాజు చెప్పులు వేసుకోబోతూ ఆగిపోయాడు. ముఖం తెల్లబడింది. మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"అయ్యో నాయనా! తిమ్మా!" రామలక్ష్మమ్మ కొడుకును పట్టుకుంది. ఎక్కడ పట్టుకోవాలో, ఏం చెయ్యాలో తెలియక భుజం రుద్దింది, వీపు రుద్దింది. అతను తల్లిని విదిలించుకుని గోడకేసి తల కొట్టుకోసాగాడు. గంగ "నాయనా!" అంటూ కెవ్వున ఏడ్చింది.

అంజనమ్మ వచ్చి తన అరచేతిని గోడకూ అతని నుదుటికీ మధ్య పెట్టింది. తల వచ్చి ఆమె చేతికి కొట్టుకుంది. మళ్ళీ కొట్టుకుంది. ఆమె చెయ్యి తీయలేదు. మూడోసారి అతను ఆగాడు.

మెల్లగా అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఆడ కాదు!" అన్నాడు తిమ్మరాజు పళ్ళ మధ్య నుంచి. "ఆడ కాదంటే!"

"మరి యాడ మామా?"

అతను ఆమె ముఖంలోకి చూశాడు.

"యాడ నొప్పి? నాకు చూపించు" అంది అంజనమ్మ. ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అతన్ని నిజంగా అడిగినవాళ్ళు లేరు. నొప్పి లేదన్నారు, తగ్గుతుందన్నారు, మరచిపొమ్మన్నారు... యాడ అని అడగలేదు!

ఎడమచేతి వేలితో తిమ్మరాజు చూపించాడు. మడిచిన చొక్కా చేతికి అవతల, బెత్తెడు దూరంలో, ఏమీ లేని చోట.

పుస్తకంలో అలాంటి బొమ్మ లేదు. అంజనమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నొప్పి ఉన్నచోటే కదా చేతులు పెట్టాలి! రెండు అరచేతులనూ దోసిలిలా చేసి, ఆ ఖాళీ కింద పట్టింది. నిద్రపోయే పసిబిడ్డను పట్టినట్టు పట్టింది.

"ఇప్పుడు నా చేతుల్లో ఉండాదా?"

"...ఉండాది."

"ఎట్లుండాది, చెప్పు."

"పిడికిలి... పిడికిలి బిగుసుకోని ఉండాది అంజనా. గోర్లు అరచేతిలోకి దిగతా ఉండాయి. తెరుద్దామంటే రాలేదు. ఆ రోజు నుంచీ రాలేదు..." అతని కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. "ప్రెస్ దిగేటప్పుడు రేకు పట్టుకోని ఉండినా. వదిలేసి చెయ్యి లాక్కోని ఉంటే... నేనే వదల్లేదు. రేకు వంకరపోతుందని వదల్లేదు అంజనా!"

ఇన్నాళ్ళూ ఆ మాట లోపలే పెట్టుకుని కుళ్ళిపోయాడా ఈ మనిషి! అంజనమ్మకు గుండె పగిలినట్లయింది. అయినా దోసిలి కదలనివ్వలేదు.

"పోనీ మామా. ఆ రేకు పోతే పోనీ. ఇప్పుడు వదిలేయి. నేను పట్టుకోని ఉండాను గదా... చిటికెన వేలు విప్పతా ఉండాను, చూడు. మెల్లగా..."

ఆమె వేళ్ళు గాలిలో కదిలాయి. లేని చిటికెన వేలిని విప్పాయి. ఉంగరం వేలిని విప్పాయి. తిమ్మరాజు కళ్ళార్పకుండా ఆ చేతులనే చూస్తున్నాడు. నడిమి వేలు, చూపుడు వేలు... లోపల ఇరుక్కున్న బొటనవేలు చివరికి బయటికి వచ్చింది. అతని నోటి నుంచి దీర్ఘంగా ఒక నిట్టూర్పు వెలువడింది. భుజాలు సడలాయి. తల వాల్చి, భార్య ఒళ్ళో ముఖం పెట్టుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"విడిచింది అంజనా... విడిచింది..."

"నేను పిచ్చోడనుకోలేదు మామా. ఎప్పుడూ అనుకోలేదు" అంటూ ఆమె కూడా అప్పుడు, అప్పుడే, ఏడ్చింది.

కెలమంగలం బస్సు ఆ రోజు వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది. రామలక్ష్మమ్మ మూటలు తానే ఒక్కొక్కటి విప్పి, బట్టలు మళ్ళీ దండెం మీద వేసింది.

నొప్పి ఆ ఒక్క రోజుతో పోలేదు. మళ్ళీ వచ్చింది. వచ్చినప్పుడల్లా అంజనమ్మ కూర్చుని, యాడ అని అడిగి, అక్కడే చేతులు పట్టేది. మునుపటంత గట్టిగా రావడం లేదని తిమ్మరాజే చెప్పాడు. బెంగుళూరు డాక్టరు అంతా విని నవ్వలేదు. "మాత్రలు మానకండి, ఇది కూడా మానకండి" అన్నాడు. పోచంపల్లి మాట మళ్ళీ ఆ ఇంట్లో వినిపించలేదు. ఫ్యాక్టరీలో సామాన్ల గదిలో పనికి రమ్మని ఎప్పుడో కబురు పంపి ఉన్నారు. వస్తానని తిమ్మరాజు ఇప్పుడు బదులు పంపాడు. ఎడమచేత్తో రాయడం గంగతో పాటు పలక మీద మొదలుపెట్టాడు.

* * *

ఒక సాయంత్రం అంజనమ్మ కొళాయి దగ్గర బిందె నింపుకుని ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

తిమ్మరాజు మంచం మీద కూర్చుని పళ్ళు బిగబట్టి ఉన్నాడు. ఎదురుగా నేల మీద రామలక్ష్మమ్మ! పట్టుపురుగులకు ఆకు వేసి వేసి గరుకెక్కిన ఆమె చేతులు రెండూ గాలిలో ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక వెతుకుతున్నాయి.

"ఈడనా నాయనా? ఇంకా కిందనా? నాకు తెలీడం లేదురా... చెప్పు..."

అలికిడికి తల తిప్పి కోడలిని చూసింది. చేతులు వెనక్కి తీసుకోలేదు. కళ్ళ నిండా నీళ్ళు.

"అంజనమ్మా... నీళ్ళకు పోయినావు, ఇంతలో వచ్చింది వీనికి. రామ్మా, యాడ పెట్టాలో చూపించు. నిన్ను ఎన్ని మాటలంటిని... నువ్వు తీసుకోనొచ్చి పోగొట్టినావని అంటి. నా కొడుకు చేతిని నువ్వు పట్టుకోని ఉండావు తల్లీ, నేనే కానలేదు!"

"అట్లనొద్దత్తా!" అంజనమ్మ బిందె దించి, పరుగున వచ్చి అత్త పక్కన కూర్చుంది. ముడతలు పడిన ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుని, మెల్లగా జరిపి, చొక్కా చేతికి అవతల, సరిగ్గా ఆ చోట ఉంచింది. "ఈడ అత్తా. అదిమిపెట్టొద్దు. ఊరికే పట్టుకో. పిడికిలి బిగుసుకోని ఉంటుంది, ఒక్కో వేలూ విప్పల్ల."

"నాకు తెలుసమ్మా అది" అంది రామలక్ష్మమ్మ.

ఆమె ముఖంలో ఏదో వెలుగు పాకింది. చేతులు వెతకడం మానేశాయి.

"పుట్టినప్పుడు గూడా వీడు ఇట్లే పిడికిలి బిగించుకోని ఉండినాడు. నీళ్ళు పోసేటప్పుడు ఒక్కో వేలూ నేనే విప్పి కడిగినాను..."

తిమ్మరాజు కళ్ళు మూసుకున్నాడు. ఆ ముసలి తల్లి కొడుకు చిటికెన వేలిని విప్పడం మొదలుపెట్టింది.