ఎవరో తెలీదండీ

పొయ్యి మీద పాలు పెట్టి, నవత ఒక చెవి టీవీకీ ఇంకో చెవి ఫోనుకీ అప్పగించింది. టీవీలో ఉప ఎన్నిక గోల. ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఎవరు ఏ పార్టీలోంచి ఎందులోకి దూకారు... వారం నుంచీ అదే వార్త. ఫోనులో లోకం వేరు. లాస్య చదివే బడి తల్లుల గ్రూపు అది. గురువారం పోలింగు కాబట్టి బడికి సెలవు. శుక్రవారం ఒక్కటి మానిపిస్తే ఆదివారం దాకా అనంతగిరి కొండల్లో తిరిగి రావచ్చని మనోజ్ఞ ప్లాను వేసింది. అందరూ పొద్దున్నే ఓటేసి బయల్దేరాలి. నవతనీ లాస్యనీ తన కారులోనే ఎక్కించుకుంటానంది.

మనోజ్ఞ వాళ్లది జూబ్లీహిల్స్‌లో మూడంతస్తుల ఇల్లు. ఆమె భర్త సినిమాలకు ఎడిటరు. నవత వాళ్లది ఫిల్మ్‌నగర్ బస్తీలో, గుట్ట వాలులో రెండు గదుల ఇల్లు. భర్త అరవింద్ షూటింగుల్లో హీరోలు కూర్చునే క్యారవాన్ నడుపుతాడు. వారం నుంచీ బయటి ఊళ్లో షూటింగులోనే ఉన్నాడు. "మావారు ప్రొడక్షన్‌లో ఉంటారండీ" అని నవత చెప్పుకుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఇంటర్ మొదటి సంవత్సరం మధ్యలో పెళ్లి చేసి పంపేశారు ఆమెను. గ్రూపులో వచ్చే ఇంగ్లీషును కూడబలుక్కుని చదువుతుంది. రాస్తే తప్పులు దొర్లుతాయేమోనన్న భయంతో వాయిస్ మెసేజీలు పెడుతుంది. ఆ మెసేజీల్లో మాత్రం ఆమె గొంతే మారిపోతుంది. "వస్తామండీ", "తప్పకుండానండీ" అంటూ టీవీ యాంకరులా మాట్లాడుతుంది.

అద్దం ముందు అత్తగారు నీలమ్మ కొప్పులో పూలు పెట్టుకుంటోంది.

"ఇయ్యాల షూటింగా అత్తమ్మా?"

"సిటీల షూటింగులు యాడున్నయే? ఎలక్షన్లయ్యేదాంక అన్నీ మీటింగులే. నవీన్ ఫోన్ చేసిండు. బోరబండల సభంట, ముందు వరుసల కూసోవాలంట."

నవీన్ జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. సినిమాలో పెళ్లికి, సంతకి, చావుకి జనం కావాలంటే పంపేది అతనే. ఇప్పుడు సభలకీ పంపుతున్నాడు.

"ఏ పార్టీది?"

"గాడికి పోయినంక కండువా ఇస్తరు గదా, అప్పుడు తెలుస్తది" అంది నీలమ్మ, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

నవతకి నవ్వు ఆగలేదు. లాస్యకి జడ వేస్తూ ట్రిప్పు సంగతి చెప్పింది. "నువ్వు ఒక్కదానివే ఉంటవ్ గద అత్తమ్మా, నాలుగు దినాలు?"

"నాకేమైతది? మంచిగ పోయిరాండ్రి. పిల్ల సూడనీ కొండలు. నన్నయితే షూటింగులకు అన్ని కొండలకూ లారీలల్ల తీస్కపోయిండ్రు, లారీలల్ల తీస్కొచ్చిండ్రు. దేని పేరూ తెల్వదు."

లాస్యని ఆ బడిలోనే చేర్పించాలని పట్టుబట్టింది నీలమ్మే. అరవింద్ ఎందుకంత బడి అంటే, "నా మనవరాలు గుంపుల నిలబడొద్దు బిడ్డా, నేను నిలబడ్డది చాలు" అని నోరు మూయించింది. ఆ మాట ఆ రోజు నవతకి ఎంతో ముద్దుగా అనిపించింది. కానీ బడి గేటు దగ్గర ఆ తల్లుల మధ్య నిలబడ్డాక, అత్తగారి గురించి ఎవరూ అడక్కుండా ఉంటే బాగుండనిపించడం మొదలైంది.

సోమవారం, మంగళవారం నీలమ్మ గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చింది. బుధవారం మధ్యాహ్నం నవత బట్టలు సర్దుతుంటే గ్రూపులోకి ఒక వీడియో వచ్చి పడింది.

ఏదో యూట్యూబ్ చానెల్ వాళ్లు తయారు చేసింది. తెరని రెండుగా చీల్చారు. ఎడమవైపు ఒక పార్టీ కండువాతో నీలమ్మ, "నీళ్లొస్తలేవు బిడ్డా, డ్రమ్ములు మోసి మోసి నడుములిరుగుతున్నయి" అని మైకు ముందు ఏడుస్తోంది. కుడివైపు ఇంకో పార్టీ కండువాతో అదే నీలమ్మ, "గీ అన్న దయవల్ల మా బస్తీల నీళ్లకు కరువే లేదు" అని చేతులెత్తి దీవిస్తోంది. కింద పెద్ద అక్షరాలతో, "అవ్వ ఒక్కతే, పార్టీలు రెండు!"

నవత వీడియో ఆపేసింది. గ్రూపు నిండా నవ్వే బొమ్మలు వరసకట్టాయి. అంతలో మనోజ్ఞ గొంతు వినిపించింది. "ఏమండీ నవతా, ఈవిడది మీ ఫిల్మ్‌నగరేనంట కదా? ఏం నటన అండీ బాబూ! మీకు తెలుసా ఈవిడ?"

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఏమనేదో. కానీ నవత బొటనవేలు అప్పటికే మైకు బొమ్మ మీద ఉంది. "అయ్యో, ఎవరో తెలీదండీ. ఇలాంటివాళ్లు మా వైపు బోలెడుమంది. ఎవరు పిలిస్తే వాళ్ల సభకెళ్లి ఏడుస్తారు. వీళ్లకి సిగ్గూ శరం ఉండదండీ."

మెసేజీ వెళ్లిపోయింది. మళ్లీ నవ్వే బొమ్మలు. "మీరు భలే చెప్తారు నవతా" అని ఎవరో రాశారు. నవత ఊపిరి పీల్చుకుంది.  వెనక్కి తిరిగితే గోడవారగా బొమ్మకి రంగులు వేసుకుంటున్న లాస్య, పెన్సిలు ఆపి తల్లినే చూస్తోంది.

సాయంత్రం నవీన్ దగ్గర కూలి డబ్బులు తీసుకొచ్చిన నీలమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే నవత ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది. తప్పు తనదైనప్పుడు ముందుగా అరిచే మనిషిలా అరిచింది.

"ఏందిది అత్తమ్మా?"

నీలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. "అబ్బా, మొకం మంచిగనే పడ్డదే!"

"నవ్వులాటగున్నదా నీకు? లాస్య బడిల తల్లులందరు చూసిండ్రు. పడి పడి నవ్వుతున్నరు."

"మైకు పెట్టి అడిగితే ఏం జెయ్యాలె? వాళ్ల సభల కూసున్న, వాళ్లకు కావాల్సింది చెప్పిన. వీళ్ల సభల వీళ్లకు కావాల్సింది చెప్పిన. ఏ సీనుకు ఆ మాట చెప్పుడే గద నా పని!"

"ఇది సిన్మా కాదు!"

"సరే, సిన్మా కాదు. నీళ్ల మాట అబద్ధమా? మొన్న డ్రమ్ములు మోసింది నువ్వు నేను కాదా? సోమారం ఏడ్చింది నిజమే. మంగళారం నవ్విందే యాక్టింగు."

ఇంకెప్పుడైనా అయితే నవత నవ్వేది. ఇప్పుడు ఆ మాటే ఆమెని మరింత రెచ్చగొట్టింది. "నీకు ఇజ్జత్ లేకపోతే లేకపాయె, మాకు ఉండొద్దా? నా బిడ్డ గా బడిల తలెత్తుకొని తిరగాలె. నీ మూలంగ నేను ఎవ్వలకు మొకం చూపెట్టేటట్టు లేదు."

నీలమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచింది.

"ముప్పై ఏండ్లు చేసిన బిడ్డా. ఎప్పుడు చూసినా ఎనకనే నిలబెట్టిండ్రు. మీ మామ టాకీసుకు తీస్కపోయి, యాడున్నవే నువ్వు యాడున్నవే అని దేవులాడెటోడు. పెద్దతెర మీద నా మొకం ఆయనకు దొరకనే లేదు. ఇగో, ఇన్నాళ్లకు ఒక్కసారి ఇంత పెద్దగ చూపెట్టిండ్రు. నవ్వుకునెతందుకు."

నవత ఫోను దించింది. లాస్య లేచి వచ్చి నానమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"నానమ్మా, నువ్వెవ్వరో తెల్వదని మమ్మీ ఫోన్ల చెప్పింది. నీకు సిగ్గు లేదని చెప్పింది. మమ్మీకి నువ్వు తెల్సు గదా?"

కుక్కరు విజిలు వేసింది.  నవత నేలవైపు చూస్తూ నిలబడింది. అత్తగారు తిడితే బాగుండు, శాపనార్థాలు పెట్టినా బాగుండు అనుకుంది.

నీలమ్మ మనవరాలి తల నిమిరింది. "తెల్సు బిడ్డా, ఊకె అన్నది మమ్మీ. గదొక ఆట." తర్వాత వంటింటి వైపు నడిచి స్టవ్వు ఆపింది. అక్కణ్ణుంచే, మామూలు గొంతుతో అంది. "పిల్లకు స్వెటర్ పెట్టినవా నవతా? గుట్టల మీద చలి ఉంటది. రేపు నేను తెల్లారంగనే పోయి ఓటేసొస్త. నీ దోస్తులు వచ్చేటాళ్లకు ఇంట్ల ఉంట, వాళ్ల కండ్లల్ల పడ. ఫికర్ పడకు."

'ఫికర్ పడకు' అన్న మాట ఎందుకన్నదో నవతకి అర్థమైంది. అత్తమ్మా అని పిలవబోయింది. పిలవకుండానే సంచీ జిప్పు లాగింది. ఆ పూట నీలమ్మ రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

గురువారం పొద్దున నవత లేచేసరికి నీలమ్మ వెళ్లిపోయింది. స్వెటరు మడతపెట్టి సంచీ మీద ఉంది. పిల్లని తయారుచేసి, సంచీ భుజానికి తగిలించుకుని నవత ఓటు వేసే ప్రభుత్వ బడికి చేరింది. బడిలో రెండు పోలింగ్ బూత్‌లు. పైన బంగళాలవాళ్లది ఒకటి, బస్తీది ఒకటి. బంగళాల వరుసలో పట్టుమని పదిమంది లేరు. బస్తీ ఆడవాళ్ల వరుస గేటు దాకా వచ్చింది. ఎంతకీ కదలని ఆ వరుసలో, సగం దూరంలో, నీలమ్మ ఇంకా నిలబడే ఉంది.

నవత కాళ్లు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే సిరా వేలు ఊపుకుంటూ మనోజ్ఞ ఎదురొచ్చింది.

"హాయ్ నవతా! మా బూత్‌లో ఇలా వెళ్లి అలా వచ్చేశానండీ. మీదేంటి ఇంత లైనుంది? పర్లేదు, వెయిట్ చేస్తాను. అందరూ కార్ల దగ్గరే ఉన్నారు." అంటూనే వరుసలోకి చూసి ఆగింది. "అరే! అదుగో, ఆ వీడియో ఆవిడ! ఆవిడే కదండీ?"

నవత ఏమీ అనకముందే మనోజ్ఞ నాలుగడుగులు వేసి నీలమ్మ ముందు నిలబడింది. ఆమె మాటలో వెటకారం లేదు, సంబరమే ఉంది. "ఏమండీ, మీ వీడియో చూశాం. భలే ఏడ్చారు మీరు! మా ఫ్రెండు నవత కూడా మీ ఏరియానే. మీకు తెలుసా?"

నీలమ్మ తలెత్తింది. కోడల్ని చూసింది. ఆ కళ్లల్లో ఒక్కసారి ఏదో కదిలి, ఆరిపోయింది. గోడని చూసినట్టు చూసి తల తిప్పుకుంది. "తెల్వదమ్మా. ఇంత పెద్ద బస్తీల ఎవ్వలని యాది పెట్టుకుంటం?"

అంత బాగా ఆమె ఏ సినిమాలోనూ నటించి ఉండదు.

"నానమ్మా!" లాస్య తల్లి చేయి విదిలించుకుని పరుగెత్తి నీలమ్మ కాళ్లని చుట్టేసింది. నీలమ్మ చేతులు పిల్ల కోసం వంగబోయాయి. మధ్యలోనే ఆగిపోయాయి. ఆ చేతుల్ని ఆమె తన కొంగులోనే దాచుకుంది.

"ఎవ్వరి పిల్లవే నువ్వు? తప్పిపోయినవా? పో... గాడ మీ అమ్మ పిలుస్తుంది చూడు."

లాస్య తల పైకెత్తి చూసింది. ఆట అనుకుని నవ్వబోయి, నానమ్మ ముఖంలో నవ్వు దొరక్క, పెదవి విరిచింది. ఆ ఏడుపు బడి ఆవరణంతా వినిపించింది.

నవత భుజం మీది సంచీ ఎప్పుడు జారిందో తెలియదు. వెళ్లి అత్తగారి రెండు చేతులూ పట్టుకుంది. 

"వద్దు అత్తమ్మా. ఇగ చాలు. నీ కాల్మొక్త, చాలు."

"ఏం జేస్తున్నవే, వాళ్లు చూస్తున్నరు" అని నీలమ్మ పళ్ల బిగువున గొణిగింది.

"చూడనీ." నవత మనోజ్ఞ వైపు తిరిగింది. కళ్ల నీళ్లలో ఆమె ముఖం సరిగా కనబడలేదు. "మా అత్తమ్మ. లాస్య నానమ్మ. నిన్న తెల్వదని అబద్ధం చెప్పిన. సిగ్గు శరం లేనిది ఈమెకు కాదు, నాకు."

మనోజ్ఞ ముఖం కందిపోయింది. సిరా వేలిని నలుపుకుంది. "సారీ ఆంటీ... ఆ వీడియో నేనే పంపాను. మీరని నాకు..." నవతని చూసింది. "ముందే చెప్పొచ్చు కదా నవతా. నేనేమైనా అనుకుంటానా? ఆంటీని కూడా తీసుకెళ్దాం, రండి."

అనుకునేదో లేదో నవతకి తెలియదు. ఇప్పుడు దాంతో పని లేదనిపించింది. "ఇయ్యాల వద్దు. మీరు పోయిరాండ్రి" అంది. మనోజ్ఞతో ఇంట్లో మాట్లాడే మాట మాట్లాడటం అదే మొదటిసారి. 'అండీ' రాలేదు. దాని కోసం వెతుక్కోనూ లేదు.

మనోజ్ఞ జారిపడ్డ సంచీ తెచ్చి నవత పక్కన పెట్టి, మెల్లిగా వెళ్లిపోయింది.

"పిచ్చిదానివే నువ్వు. పిల్ల కొండలు చూస్తుండె. అంత చెడగొడితివి" అని కోప్పడింది నీలమ్మ. ఆ కోపం గొంతు దాటి కళ్లలోకి రాలేదు. లాస్యని ఎత్తుకుని భుజాన వేసుకుంది.

వెనకున్నామె జాలిపడి, "పిల్ల ఏడుస్తుంది, నువ్వు కూడ గీడనే నిలబడమ్మా" అని నవతకి చోటిచ్చింది. తర్వాత నీలమ్మని అడిగింది. "ఎవ్వరక్కా, నీ కోడలా?"

 చెప్పవచ్చో లేదో తెలియనట్టు నీలమ్మ నవత వైపు చూసింది.  నిన్న 'ఫికర్ పడకు' అన్న మాటకన్నా పెద్ద శిక్ష ఆ చూపు.

"కోడల్నే అవ్వా" అంది నవత, వరుసలో అందరికీ వినబడేలా. "నీలమ్మ కోడల్ని."

వరుస ఒక అడుగు ముందుకు జరిగింది. నీలమ్మ భుజం మీది కొంగు లాగి కోడలి చేతిలో పెట్టింది.

"కండ్లు తుడుసుకో బిడ్డా. లోపట నీ పేరు పిలుస్తరు."