ఇనుముకు పడని చెయ్యి

ఏలూరులో ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్లి సంబంధాల వాకబు చేసే మనిషనే లెక్క. రత్నమాణిక్యం గారు ఇరవై ఏళ్లు ఆ పనే చేసి, ఊళ్లో ఎన్నో సంబంధాలు చెడగొట్టారన్న పేరు మూటగట్టుకున్నారు. అందుకే పండక్కీ పబ్బానికీ ఆవిణ్ణి పిలిచేవాళ్లు లేరు. ఉన్నదల్లా అసిస్టెంటు దత్తసాయి. ఆవిడ కాఫీ కలిపినా అందులో ఏదో తర్కం ఉంటుందని నమ్మే రకం.

ఆ మంగళవారం పొద్దున్నే గుమ్మంలో ఒక పిల్ల నిలబడింది. పేరు ఉషశ్రీ, పంతొమ్మిదేళ్లు, ఊరు కైకలూరు. చేతులు చున్నీలో దాచుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పడం మొదలుపెట్టింది.

తాడేపల్లిగూడెంలో పంపుల ఫ్యాక్టరీ నడిపే రఘురామ్ గారికి పనొచ్చిన మనుషులు దొరకడం లేదు. మిషన్లు ఖాళీగా పడి ఉంటున్నాయి. అందుకని ఒకరిని ఇంజనీరింగు చదివించి, ఆ తర్వాత తన దగ్గరే ఉద్యోగం ఇస్తానని స్కాలర్‌షిప్పు పెట్టారు. పరీక్ష చేతిపనిలోనే. ఇనప ముక్కని ఆకురాయితో రుద్ది కొలతకి తెచ్చి, మధ్యలో గాడి తీయాలి. శుక్రవారం పరీక్ష జరిగింది. సోమవారం ఫలితం చెప్పారు. ఉషశ్రీ ముక్క కొలత మిల్లీమీటరు తప్పిందట, సీటు సాయికృష్ణ అనే కుర్రాడికి వచ్చిందట. ఈ సాయంత్రం ఐదింటికి అతని పేరు కాలేజీకి వెళ్లిపోతుంది.

"వాళ్లు చూపించింది నా ముక్క కాదండీ," అంది. "ఈ సీటు పోతే రేపట్నించి అమ్మతో రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్లాలండీ. ఒకసారి వెళ్తే ఇంక బయటికి రాలేను."

"చేతులెందుకమ్మా దాచుకున్నావ్?"

ఉషశ్రీ సిగ్గుపడుతూ అరచేతులు చూపించింది. చెమటతో తడిసి ఉన్నాయి. ఆమె చెమట ఇనుముకు పడదట. ముట్టుకుంటే రెండు మూడు రోజుల్లో వేలిముద్రలు తుప్పుగా పైకి తేలతాయి. కైకలూరులో రొయ్యల చెరువుల నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే రామనాథం మాస్టారి లేత్ షాపులో మూడేళ్లు పని నేర్చుకుంది. పని అవగానే ముక్కకి గ్రీజు రాయడం ఆయనే అలవాటు చేశారు. ఫ్యాక్టరీవాళ్లకి తెలిస్తే తీసుకోరని భయపడి ఇంకెవరికీ చెప్పలేదు. పరీక్షలో మాత్రం పొడిగుడ్డతో తుడిచి ఇమ్మన్నారు కాబట్టి అలాగే ఇచ్చింది.

పదకొండింటికల్లా ముగ్గురూ తాడేపల్లిగూడెంలో ఉన్నారు. స్టోర్ రూములో పన్నెండు ముక్కలున్నాయి. ఒక్కోదానికి నంబరు చీటీ సన్నటి తీగతో కట్టి ఉంది. అది విప్పి ఇంకోదానికి కట్టడం నిమిషం పని. పరీక్ష రోజు ఆ ముక్కల దగ్గర ఒంటరిగా ఉన్నది ముగ్గురేనని తేలింది. తాళం చెవి ఉన్న స్టోర్ గుమాస్తా గోపీచంద్, ఫోను మర్చిపోయి వెనక్కి వచ్చిన సాయికృష్ణ, పరీక్షకి కాపలా కూర్చోమని రఘురామ్ పిలిపించిన రామనాథం మాస్టారు. ఫ్యాక్టరీలో అనుభవం ఉన్న మనిషే లేకపోతే ఏం చేస్తారు మరి!

చెమటకి ఇనుము తుప్పు పట్టడమేమిటని గోపీచంద్ నవ్వేశాడు. సాయికృష్ణ కూడా ఆ మాట ఎప్పుడూ విన్లేదన్నాడు. తర్వాత నిజం చెప్పాడు.

"నా కొలత తప్పిందని నాకే తెలుసండీ. ఫస్టు వచ్చానంటే నేనే నమ్మలేదు."

దొంగ దొరికాడని దత్తసాయి కళ్లు మెరిశాయి. రత్నమాణిక్యం గారు మాత్రం ముక్కలన్నీ ఒక్కొక్కటే పట్టుకు చూస్తున్నారు. పదకొండూ పొడిగా ఉన్నాయి. సాయికృష్ణ చీటీ ఉన్నదానికి మాత్రం శుభ్రంగా గ్రీజు రాసి ఉంది. గాడి మూలలో, గ్రీజు అందని చోట, గోధుమరంగు వేలిముద్ర ఉంది. ఆవిడ చెయ్యి దత్తసాయి జేబురుమాలుకే తుడుచుకున్నారు.

నాలుగింటికి అందరూ రఘురామ్ గదిలో చేరారు. కబురందుకుని మాస్టారు కూడా బస్సులో వచ్చారు.

"ఈ తుప్పు ఉషశ్రీ చేతిది. అంటే ఫస్టు వచ్చిన ముక్క ఆమెదే, చీటీలు మారాయి," అన్నారు రత్నమాణిక్యం గారు. "సీటు కోసం మార్చినవాడికి ఆ ముక్క తుప్పు పడితే ఏం, పట్టకపోతే ఏం? గ్రీజు రాసిన మనిషికి ఆ చేతి సంగతి తెలుసు. ఆ పని మీద ప్రేమా ఉంది. ఎందుకిలా చేశారు మాస్టారూ?"

రామనాథం ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నారు.

"ముప్ఫై ఏళ్లలో ఇరవై ఇద్దరికి పని నేర్పానండీ. చెయ్యి తిరగ్గానే ఒక్కొక్కళ్లూ ఫ్యాక్టరీలకి పోయారు. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు. ఈ పిల్ల వచ్చాకే షాపులో మనిషి మాట వినపడింది. ఇదీ పోతే ఎలాగని చీటీలు మార్చేశాను. తీరా మార్చాక, అంత మంచి పని తుప్పు పట్టిపోతుందంటే చెయ్యి ఊరుకోలేదండీ."

రఘురామ్ వెంటనే ఫోను తీసి కాలేజీకి ఉషశ్రీ పేరు చెప్పారు. ఆ పిల్ల మొహంలో సంతోషం లేదు. మాస్టారి ముందుకొచ్చి నిలబడింది.

"ఉండిపోమని ఒక్కమాట అడగాల్సిందండీ. అడిగుంటే ఉండిపోయేదాన్నేమో."

"తెలుసమ్మా. అందుకే అడగడానికి నోరు రాలేదు."

ఉషశ్రీ ఏడుస్తూనే సంతకాలు పెట్టడానికి ఆఫీసులోకి వెళ్లింది. మాస్టారు గేటు దాటి, బస్సు కోసం రోడ్డు పక్కన ఒక్కరే నిలబడ్డారు. రైలుకి టైమైందని దత్తసాయి రెండుసార్లు గుర్తు చేశాడు. రత్నమాణిక్యం గారు వినిపించుకోలేదు. వెళ్లి ఆయన పక్కన నిలబడి, బస్సు వచ్చేదాకా అక్కడే ఉన్నారు.